కవిని పిలిచే ముందు: హైదరాబాద్ సభా నిర్వాహకులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో కవి సమ్మేళనాలు, ఓపెన్ మైక్‌లు, కాలేజీ ఫెస్టులు, సాహిత్య ఉత్సవాలు నడిపే మిత్రులందరికీ,

నమస్కారం.

కవిత పలకడం, పాట కట్టడం, పత్రికకు రాయడం, ఈ మూడూ చేసే మనుషులు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. ఈ లేఖ రాస్తున్న మేమంతా ఆ కోవకు చెందినవాళ్లమే. మీ వేదికలంటే మాకు ప్రేమ. బంజారాహిల్స్ లామకాన్ అయినా, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అయినా, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమైనా, ఎవరో ఒకరు పూనుకుని హాలు మాట్లాడి, కుర్చీలు వేయించి, మైకు పెట్టిస్తేనే మా పని జరుగుతుంది. కాకపోతే ఒక్కో సభ మమ్మల్ని ఒక్కో ముక్కగా పిలుస్తోంది. సాహిత్య సభకు కవి కావాలి, వాయిద్యం వద్దు. సంగీత కార్యక్రమానికి పాటకూ పాటకూ మధ్య ఖాళీ నింపే గొంతు కావాలి. కార్యక్రమం అయ్యాక అదే మనిషి దాని మీద రిపోర్టు కూడా రాసిపెట్టాలి. ఇదంతా ఒక్క మనిషి పని అనీ, దానికి కొన్ని ఏర్పాట్లు అవసరమనీ చాలాచోట్ల ఎవరికీ తట్టడం లేదు. పోస్టరు వేయకముందే ఆ ఏర్పాట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇరువైపులా ఒప్పుకోవాలన్నదే మా కోరిక. ఆ కాగితంలో ఏముండాలో, ఎందుకుండాలో కింద చెప్తున్నాం.

స్పోకెన్ వర్డ్ (కవితను వేదిక మీద పలికి వినిపించే కళ) అంటే ఇంగ్లిష్ చదువుల పిల్లల సరదా అనుకునేవాళ్లు మీలో ఇంకా ఉన్నారు. బుర్రకథను చూడండి. నడుమ కథకుడు తంబూరా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథ చెప్తాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కవిత, వాద్యం, ఆనాటి వార్త మూడూ ఒకే వేదిక మీద, ఒకే పూట. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను ఊరూరా తిప్పింది ఇందుకే. పత్రికల వైపు చూస్తే, ఇదే హైదరాబాద్‌లో 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులను ఒక్క సంచికలో అచ్చేశారు. బయటి దేశాల్లోనూ ఇదే తోవ. జమైకాలో పుట్టి 1963లో లండన్ చేరిన కవి లింటన్ క్వెసీ జాన్సన్ ఆ దేశపు రెగె సంగీతం బీటు మీద కవిత పలికారు, సంగీత పత్రికలకు రాశారు, 1981లో సొంత రికార్డు లేబుల్ పెట్టుకున్నారు. కాబట్టి మూడు పనులు కలిపి చేసే మనిషిని సగం కవిగా, సగం గాయకుడిగా లెక్కేయకండి.

ఇక మైకు సంగతి. అన్నిటికంటే ఎక్కువ చెడేది ఇక్కడే కనుక దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాం.

పోడియానికి బిగించిన సన్నమెడ మైకు ఉపన్యాసం కోసం చేసింది. అది సాధారణంగా కండెన్సర్ రకం. నోటికి అడుగు దూరంలో ఉన్నా మాటను పట్టుకుంటుంది, దాంతోపాటు హాలు మోతనూ స్పీకర్ల నుంచి తిరిగొచ్చే శబ్దాన్నీ పట్టుకుంటుంది. పలికే కవి తల తిప్పుతాడు, పక్కకు అడుగేస్తాడు, ఒక పాదం గుసగుసగా చెప్పి తర్వాతి పాదం అరుస్తాడు. పోడియం మైకుకు అందులో సగమే అందుతుంది. మాకు కావలసింది చేత్తో పట్టుకునే డైనమిక్ కార్డియాయిడ్ మైకు, అంటే ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునేది. ష్యూర్ ఎస్ఎం58 అందరికీ తెలిసిందే. అదే రకం ఇంకే కంపెనీదైనా ఫర్వాలేదు. దానికొక నిలువు స్టాండు, మనిషి తిరగడానికి కనీసం 6 మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కావాలి. కార్డ్‌లెస్ ఇస్తే ఆ పూట వేసిన కొత్త బ్యాటరీలతో ఇవ్వండి, పక్కన ఒక వైరు మైకు సిద్ధంగా ఉంచండి.

మైకు నోటికి 2 నుంచి 4 అంగుళాల దూరంలో ఉండాలి. దూరం సగానికి తగ్గితే మైకుకు అందే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అప్పుడు ఆపరేటరు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) అంత మేరకు తగ్గించుకోవచ్చు, స్పీకర్ల కూత (ఫీడ్‌బ్యాక్) రాదు. మరీ పెదాలకు ఆనిస్తే కింది స్థాయి శబ్దం ఉబ్బి గొంతు మందంగా వినిపిస్తుంది. ప, బ, భ అక్షరాల దగ్గర గాలి తగిలి స్పీకరు ధబ్బుమంటుంది. మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల వైపు కొద్దిగా వాల్చి పట్టుకుంటే గాలి పక్కనుంచి పోతుంది. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది శబ్దాలను కోసేసే మీట) వేస్తే మిగిలిన ధబ్బు కూడా పోతుంది. హల్లులు తేటగా రాకపోతే వాల్యూమ్ పెంచి లాభం లేదు. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ పెంచి చూడండి. స, శ, ష చెవిలో గుచ్చుకుంటే 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించండి. కుర్ర కవులకు ఒక మాట: ర్యాపర్లను చూసి మైకు జాలీని అరచేత్తో కప్పకండి. వెనక రంధ్రాలు మూసుకుపోయి ఆ మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది. మరుక్షణం కూత.

మన మైక్‌సెట్టు అన్నలకు ఎకో అంటే ప్రాణం. పాటకు అది అందమే కానీ కవితను చంపేస్తుంది. హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారిపోయే భాష మనది. ఎకో తోక ప్రతి హ్రస్వాన్నీ సాగదీస్తుంది, ఒత్తులను తర్వాతి అక్షరం మీద పడేస్తుంది. మూడో వరుస దాటాక శ్రోతకు లయ వినిపిస్తుంది కానీ మాట వినిపించదు. అందుకే కాగితంలో "ఎకో సున్నా" అని రాయిస్తాం. కవిత మధ్యలో పాట వస్తే ఆ నాలుగు పాదాలకు పెట్టి, మళ్లీ తీసేయాలి. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీయాలో గుర్తులు వేసిన కవిత కాపీని ఆపరేటరుకు ముందే ఇచ్చే బాధ్యత మాది.

హాలు తనంతట తానే ఎకో తెచ్చిపెడితే ఇబ్బంది ఇంకా పెద్దది. మాటకు హాలు మోత, అంటే పలికాక శబ్దం హాల్లో నిలిచే సమయం, ఒక సెకను చుట్టుపక్కల ఉండాలి. గ్రానైట్ నేల, అద్దాల గోడలు ఉన్న ఫంక్షన్ హాలు ఖాళీగా ఉన్నప్పుడు రెండు సెకన్లు దాటిపోతుంది. అక్కడ పెద్ద స్పీకర్లు పెట్టి వాల్యూమ్ పెంచేకొద్దీ మాట ఇంకా చెదిరిపోతుంది. వెనక గోడకు మందపాటి కర్టెన్లు వేయించండి, వేదిక ముందు నేల మీద జంపఖానాలు పరచండి. రెండు పెద్ద స్పీకర్లకు బదులు నాలుగు చిన్నవి జనానికి దగ్గరగా పెట్టి తక్కువ వాల్యూమ్‌లో నడపండి. జనం పలచగా ఉంటే వెనక కుర్చీలు తీసేసి అందరినీ ముందుకు రప్పించండి. మనుషుల ఒళ్లూ బట్టలే శబ్దాన్ని పీల్చుకుంటాయి. మెయిన్ స్పీకర్లు ఎప్పుడూ మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. కవికి తన గొంతు తనకు వినబడేలా పెట్టే స్పీకరు, అంటే మానిటర్, సరిగ్గా మైకు తోక ఎదురుగా ఉండాలి. కార్డియాయిడ్ మైకు అటువైపు దాదాపు చెవిటిది.

కవి సమ్మేళనాల్లో బల్ల మీద వరసగా పది మైకులు పెట్టి, పదీ తెరిచి ఉంచేయడం మామూలైపోయింది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మిగిలే గెయిన్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. చదివేవారి మైకు తప్ప తక్కినవన్నీ మూసేయాలి. ఇందుకోసం మిక్సర్ దగ్గర కార్యక్రమ క్రమం తెలిసిన మనిషి ఒకరు కూర్చోవాలి. ఆపరేటరు మైకు పెట్టేసి టీకి వెళ్లే సభలో ఇది జరగదు.

సౌండ్ చెక్‌కు ఒక్కొక్కరికి 10 నిమిషాలు, వాద్యంతో వచ్చేవారికి 20 నిమిషాలు కావాలి. తలుపులు తెరవకముందే అది పూర్తవ్వాలి. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ"తో ఏమీ తేలదు. కవితలో అన్నిటికంటే గట్టిగా పలికే పాదం, అన్నిటికంటే మెల్లగా పలికే పాదం ఆ రెండూ పలికించి లెవెల్ పెట్టాలి.

డప్పుతో వచ్చే కవిని పిలిస్తే ఇంకో ఏర్పాటు కావాలి. తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుంటారు. ఆడిటోరియం లోపల మంట పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. వానాకాలం తోలు తేమ పీల్చి సడలుతుంది. బయట కాచి తెచ్చినా, తన వంతు వచ్చేదాకా గంటసేపు గ్రీన్ రూములో కూర్చోబెడితే మళ్లీ మెత్తబడుతుంది. అందుకని డప్పు ఉన్న అంశాన్ని ఆరంభంలోనో విరామం కాగానేనో పెట్టండి, హాలు బయట కాచుకోవడానికి వాచ్‌మన్‌తో మాట్లాడి ఒక మూల చూపించండి. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు కానీ ఆ నాదం రాదు. ఏది తెస్తున్నారో అడిగి రాసుకోండి. రెండొందల మంది పట్టే హాల్లో డప్పుకు మైకే అక్కర్లేదు. డప్పు వాయించేవారు కవి పలికే మైకుకు కనీసం ఆరడుగుల దూరంలో, దాని తోక వైపు నిలబడితే చాలు. అయితే కవికి తన గొంతు తనకు వినబడదు. ఆ మానిటర్ అడిగేది దీనికోసమే.

ఫోన్ నుంచి ట్రాక్ నడిపే కవుల దగ్గర జరిగే పొరపాటు వేరు. ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వచ్చే స్టీరియో వైరును తెచ్చి మిక్సర్‌లో ఒక్క బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చేస్తారు. ఆ ఇన్‌పుట్ రెండు సిగ్నళ్ల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. ఎడమ కుడి రెంటిలోనూ సమానంగా ఉన్నదంతా, అంటే సాధారణంగా గొంతు, బేస్, కిక్, ఒకదానికొకటి కొట్టుకుపోయి మాయమవుతాయి. పైపైన ఉన్న తీగల శబ్దమే మిగులుతుంది. "ట్రాక్ పాడైంది" అని అందరూ ఫోన్‌ను తిడతారు. 3.5 మిల్లీమీటర్ల పిన్ను నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే వైరు, రెండు ఛానెళ్లు, దూరం ఎక్కువైతే రెండు ఛానెళ్ల డీఐ బాక్సు (సిగ్నల్‌ను పొడవాటి వైరుకు తగ్గట్టు మార్చే పెట్టె) కావాలి. ఛార్జర్ పెట్టి నడిపితే హమ్ వస్తుంది, తీసేయండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, నిండిన హాల్లో మధ్యమధ్యలో తెగుతుంది.

ట్రాక్ కట్టిచ్చే సంగీత మిత్రులకూ ఇక్కడే ఒకటి చెప్పాలి. దొరికిన ప్రతి కవిత కిందా 4/4 లూపు (నాలుగు దెబ్బలకోసారి తిరిగొచ్చే బీటు) పరిచేయకండి. తెలుగు కవితకు దాని మాత్రల లెక్క దానికి ఉంటుంది. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాల సరం అనే ఛందస్సు 3+4 మాత్రల నడక. ఆ నడకలో రాసిన పాదాన్ని నాలుగు దెబ్బల లూపు మీద పలికితే రెండో గణానికే మాట బీటు మీంచి జారిపోతుంది. కవి దాన్ని పట్టుకోవడానికి అక్షరాలు మింగేస్తాడు. 7/8 లూపు కట్టండి, లేదా గణం చివరి అక్షరాన్ని ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేసుకోండి. మన పల్లె పాటల్లో ఎక్కువగా వినిపించే తిశ్రానికి (మూడేసి మాత్రల నడకకు) 6/8 సరిపోతుంది. వచన కవితకైతే బీటే లేకుండా ముందు గొంతు రికార్డు చేసి, కవి సహజంగా ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో చూసుకుని, ఆ తర్వాతే టెంపో వెతకాలి. ముందు లూపు చేసేసి కవిని దాంట్లో ఇరికించడం వల్లే సగం రికార్డింగులు పాఠం అప్పజెప్పినట్టు ఉంటున్నాయి.

కాలేజీల్లో స్లామ్ పోటీలు (కవిత పలికితే జడ్జీలు అక్కడికక్కడే మార్కులు వేసే పోటీలు) పెట్టేవాళ్లు నియమాలను సగమే తెస్తున్నారు. ఈ పద్ధతిని 1980లలో షికాగోలో మార్క్ స్మిత్ మొదలుపెట్టారు. వాడుకలో ఉన్న నియమం ప్రకారం ఒక్కొక్కరికి 3 నిమిషాలు, పైన 10 సెకన్ల వెసులుబాటు, ఆ తర్వాత మార్కుల కోత. జడ్జీలు ఐదుగురు. అందరికంటే ఎక్కువ వేసిన మార్కునూ తక్కువ వేసిన మార్కునూ తీసేసి, మధ్యలో మూడింటిని కలిపి 30కి లెక్కిస్తారు. స్నేహితుడు వేసిన పది మార్కులూ, పడనివాడు వేసిన రెండు మార్కులూ పోతాయి. మీరు ముగ్గురు జడ్జీలను పెట్టి మొత్తం కలిపేస్తే ఆ రక్షణ ఉండదు. పోటీ మొదలయ్యే ముందు పోటీలో లేని ఒక కవి చదవాలి, జడ్జీలు దానికి మార్కులు వేసి చేయి సర్దుకోవాలి. లేకపోతే మొదట చదివినవాళ్లు ఎప్పుడూ నష్టపోతారు, ఎందుకంటే పొద్దు పోయేకొద్దీ మార్కులు పెరుగుతాయి. తెలుగులో మూడు నిమిషాలకు 250 నుంచి 300 మాటలు చాలు, అంతకు మించి రాస్తే పరుగెత్తాల్సి వస్తుంది. ఇంకో నియమం, స్లామ్‌లో వాద్యం, వేషం, వస్తువులు ఉండకూడదు. కాబట్టి డప్పు కవిని స్లామ్‌కు పిలిచి చివరి నిమిషంలో డప్పు పక్కన పెట్టమనకండి. అలాంటివారికి పోటీ బయట వేరే సమయం ఇవ్వండి.

రికార్డింగ్, హక్కుల గురించి కాగితంలో తప్పకుండా ఉండాలి. మీరు కెమెరా పెట్టి తీసి, మొత్తం కవితను మీ ఛానెల్‌లో వేసి, పేరు కూడా రాయని సభలు ఎన్నో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కవిత మీద హక్కు రాసినవారిది. పలికినవారికి ప్రదర్శకుడిగా వేరే హక్కు ఉంది, అది 50 ఏళ్లుంటుంది. రికార్డు చేయడానికి, జనానికి చేర్చడానికి వారి అనుమతి కావాలి. వార్తగా ఒక ముక్క చూపించడం వేరు, కవిత మొదలు నుంచి చివరిదాకా ఎక్కించడం వేరు. హక్కులు బదలాయించాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఏ కవిత, ఏ హక్కు, ఎంతకాలం, ఎక్కడిదాకా, ఎంత డబ్బు అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, చోటు రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. "అన్ని హక్కులూ శాశ్వతంగా నిర్వాహకులవే" అన్న ఒక్క వాక్యం మీద మా సంతకం అడగకండి. వీడియో ఒక్క ఛానెల్‌లో, రెండేళ్లపాటు, కవి పేరుతో, కోత లేకుండా అని రాస్తే ఎవరైనా సంతోషంగా సంతకం పెడతారు.

పత్రికల సంపాదకులకూ దీన్నుంచి ఒక మాట. మీ దగ్గర ఉద్యోగం చేసే విలేకరి పత్రిక కోసం రాసిన దాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో అచ్చు వేసుకునే హక్కు మీదే. కానీ ఆ రచనతో పాట కట్టుకోవడం, వేదిక మీద పలకడం లాంటి మిగతా హక్కులు రాసినవారివేనని అదే చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఉద్యోగ ఒప్పందంలో ఆ మిగతా హక్కులు కూడా లాక్కునే వాక్యం పెట్టకండి. మా వైపు నుంచి పాటించే కట్టుబాటు కూడా చెప్తాం. మేం పాల్గొన్న సభ మీద మేమే రిపోర్టు రాయం, కాబట్టి ఆ పని మాకు అప్పజెప్పకండి. రిపోర్టింగ్‌లో తీసుకున్న ఇంటర్వ్యూ గొంతును బీటు మీద వేసుకోవాలంటే ఆ మనిషిని మళ్లీ అడుగుతాం. వార్త కోసం ఒప్పుకున్నవారు పాట కోసం ఒప్పుకున్నట్టు కాదు. కవితలో నిజమైన మనిషి పేరు పెట్టి ఆరోపణ చేస్తే వార్తకు ఉండాల్సిన రుజువులే దానికీ ఉండాలి. పరువు నష్టం చట్టానికి అది కవితైనా ఒకటే.

మా పాదాలు పత్రికల్లో, బ్రోచర్లలో చెదిరిపోవడానికి చాలాసార్లు కారణం ఫాంటు. యూనికోడ్‌లో పంపిన కవితను డీటీపీలో అను ఫాంట్లకు (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లకు) మార్చినప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, పాదాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. యూనికోడ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా పంపుతాం. పేజీ కట్టాక ఆ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కసారి చూసి, ప్రూఫ్ వాట్సాప్‌లో పంపండి. గంటలో దిద్ది పంపుతాం.

డబ్బు విషయం పొడుగు లాగం. పారితోషికం ఎంతో, ఎప్పుడిస్తారో పిలిచేటప్పుడే చెప్పండి. ఇవ్వలేని సభ అయితే ఆ మాటే చెప్పండి, ఉచితంగా వచ్చే సభలు మాకూ ఉంటాయి. వాద్యకారుడికి వేరే, ఆటో ఖర్చు వేరే. శాలువా, మెమెంటో, బొకే ఖర్చును ఆటోకు మార్చినా చాలు. టీడీఎస్ కోసేవారు 2025 ఏప్రిల్ నుంచి పరిమితి ఏడాదికి 50 వేలకు పెరిగిందని గుర్తుంచుకోండి. ఐదువేల పారితోషికంలో పది శాతం కోయనక్కర్లేదు.

ఆరుబయట సభలకు పోలీసు అనుమతి రాతలో తీసుకోండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆరున్నరకు మొదలవ్వాల్సిన సభ అతిథి కోసం ఎనిమిదికి మొదలైతే, పదికి మైకు ఆపేస్తారు, జాబితాలో ఆఖరున ఉన్న కవులు చదవకుండానే ఇంటికి పోతారు. అలా ఆఖరున ఉండేది సాధారణంగా కుర్రవాళ్లూ ఆడపిల్లలే. సమయానికి మొదలుపెట్టండి, అతిథి ఎప్పుడొస్తే అప్పుడు మాట్లాడతారు.

ఉగాది కవి సమ్మేళనాలకు పిలుపులు మొదలయ్యే ముందే ఆ కాగితం నమూనా మీకు పంపడానికి మేం సిద్ధం. ఒక్క పేజీ. మైకు, మానిటర్, సౌండ్ చెక్ సమయం, వాద్యం, ట్రాక్ వైర్లు, వంతు వచ్చే సమయం, రికార్డింగ్ షరతులు, పారితోషికం, ఇచ్చే తేదీ. మీ హాలుకు కుదరనివి కొట్టేయండి, పక్కన కారణం రాయండి. వేరే దారి కలిసి చూద్దాం. సంతకాలయ్యాకే పోస్టరులో మా పేర్లు వేయండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో కవిత పలికే, పాట కట్టే, వార్త రాసే కొందరం